జొన్నమ్మ చామంతి దుబ్బు

జేగురుకొండ పక్కన ఒక అడవి ఉండేది. ఆ అడవిలో కుందేళ్ళు, జింకలు, ముళ్ళపందులు, ఉడుతలు, ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. వాటి మధ్య గొడవలు లేవని నేను అనను. ఇరుగూపొరుగూ అన్నాక గొడవలు ఉంటాయి. కానీ చలికాలం వచ్చిందంటే చాలు, అన్నీ ఒక్కటైపోయేవి.

ఎందుకంటే చలికాలంలోనే అక్కడ పేర్లు పెట్టే పండగ జరిగేది. ఆ ఏడాది పుట్టిన పిల్లలన్నిటినీ తల్లులు వాగు ఒడ్డుకు తెచ్చేవి. ఎలుగుబంటి తాత ఒక్కో పిల్ల చెవి పక్కన ఒక చామంతి పువ్వు పెట్టి, దాని పేరు మెల్లగా చెవిలో చెప్పేవాడు. పువ్వు పెట్టనిదే పేరు చెప్పకూడదు. అదీ ఆ అడవి ఆచారం. అప్పటిదాకా పిల్లలందరూ "బుజ్జీ"లే, "ఒరేయ్"లే. ఒక తల్లి "బుజ్జీ" అని పిలిస్తే పది ఇళ్ళ బుజ్జీలు పరుగెత్తుకొచ్చేవి. తల్లులకు తల ప్రాణం తోకకు వచ్చేది.

ఆ చామంతులు పూసేది ఒక్క చోటే. ఒక కుందేలమ్మ పెరట్లో పెద్ద దుబ్బు ఉండేది. పసుపు రేకులు, మధ్యలో బొట్టు పెట్టినట్టు ఎరుపు. కుందేలమ్మ ఏటా అడిగిన వాళ్ళకల్లా పిలకలు ఇచ్చేది. పిలకలంటే తెలుసుగా, మొక్క అడుగు నుంచి పుట్టుకొచ్చే పిల్ల మొక్కలు. తీసుకున్న వాళ్ళు మాత్రం వాటిని ఒక వారం చూసి మరిచిపోయేవారు. అడిగితే మళ్ళీ ఇవ్వడానికి కుందేలమ్మ ఉంది కదా, మనకెందుకీ శ్రమ అనుకునేవారు.

ఒక వానాకాలం చివర కుందేలమ్మ చనిపోయింది. ఇల్లూ, పెరడూ, చామంతి దుబ్బూ కూతురు జొన్నమ్మకు మిగిలాయి. జొన్నమ్మకు అమ్మంటే ప్రాణం. అమ్మ పోయాక ఆ ప్రేమంతా తెచ్చి దుబ్బు మీద పెట్టుకుంది. పొద్దున లేవగానే దాని దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేది. దానికి ఎండ తగిలితే తనకు చెమట పట్టినట్టు బాధపడేది.

ఆ చలికాలం దుబ్బు విరగబూసింది. అడవి అంతా వచ్చి ముక్కున వేలేసుకుంది. అందరూ మెచ్చుకునేసరికి జొన్నమ్మకు కాస్త తల తిరిగింది. ఈ అడవిలో ఎవరి పిల్లకు పేరు కావాలన్నా నా గుమ్మం తొక్కాల్సిందే కదా అనుకుంది. పండగ అవగానే దుబ్బు చుట్టూ రేగుకంప తెచ్చి కట్టింది.

పక్క పొదలో సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. కుందేలమ్మ ఆమెను వదినా అని పిలిచేది, జొన్నమ్మ అత్తా అని పిలిచేది. సూదమ్మకు నోరు పెద్దది, కోపం ఎక్కువ, మనసు మాత్రం మెత్తన. పూత అయిపోయాక ఒక రోజు ఆమె కంప దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఇదిగో అమ్మాయ్, ఎండిన కాడలు నేల దాకా కోసెయ్. అడుగు నుంచి పిలకలు లేస్తాయి. వానలు పడే ముందు దుబ్బు తవ్వి, పిలకలు విడదీసి కొత్త మట్టిలో నాటుకుందాం. మధ్యలో ముదిరిన మొద్దు పారేద్దాం. మీ అమ్మా నేనూ ఏటా చేసిన పనే."

"అది అమ్మ నాటింది అత్తా. దాని మీద గోరు పడనివ్వను," అంది జొన్నమ్మ.

సూదమ్మ ఓపిక తెచ్చుకుని మళ్ళీ చెప్పింది. చామంతి ఏళ్ళ తరబడి బతికే మొక్కే, కానీ ఒకే చోట కదలకుండా ఉంటే ముసలిదైపోతుంది, విడదీసిన కొద్దీ పడుచుదవుతుంది అంది. జొన్నమ్మ వినలేదు. పైగా అనకూడని మాట ఒకటి అంది.

"దుంపలూ వేళ్ళూ తినేవాళ్ళకు తవ్వడమంటే సరదాగానే ఉంటుందిలే."

సూదమ్మ వీపు మీద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. కాసేపటికి వాటంతట అవే పడుకున్నాయి. ఆమె వెనుదిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాటలు లేవు.

తర్వాత ఉడుతలు వచ్చి పిలక అడిగాయి. జొన్నమ్మ ఇవ్వలేదు. పువ్వు కావాలంటే పండగకు రండి, మొక్క మాత్రం నా దగ్గరే ఉంటుంది అంది. పిలకలు దుబ్బులోనే ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగాయి. గాలి ఆడక, చోటు చాలక సన్నబడ్డాయి. జొన్నమ్మ మాత్రం దుబ్బు ఎంత ఒత్తుగా ఉందో అని మురిసిపోయింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. దుబ్బు నడిమి భాగమంతా బోడిగా, కట్టెలా ఉంది. అంచుల్లో మాత్రం చిన్న చిన్న పువ్వులు పూశాయి. పండగ రోజు ఎలుగుబంటి తాత ఒక పువ్వును కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. దాన్నే పిల్ల చెవి పక్కన పెట్టాడు. చివరి పిల్లలకు విచ్చని మొగ్గలతోనే సరిపెట్టాడు. జొన్నమ్మకు అవమానంగా అనిపించింది.

ఇంటికొచ్చి ఆలోచించింది. నా దుబ్బుకు దాహంగా ఉంది, అంతే అనుకుంది. ఆ రోజు నుంచి ఆకు దొప్పలతో వాగు నీళ్ళు మోసుకొచ్చి పోయడం మొదలుపెట్టింది. ఎండాకాలం పోసింది, సరే. తొలకరి పడ్డాక కూడా పోసింది. ఒక వైపు వాన కురుస్తుంటే ఇంకో వైపు దొప్పతో నీళ్ళు పోసే కుందేలును మీరెక్కడైనా చూశారా? ఆ అడవి చూసింది. పాపం, అది ప్రేమతోనే పోసింది. అందుకే ఎవరికీ నవ్వాలనిపించలేదు.

శ్రావణంలో దుబ్బు అడుగు ఆకులు పసుపు తిరిగాయి. తర్వాత నల్లబడ్డాయి. ఒక పొద్దున జొన్నమ్మ ప్రేమగా ఒక కాడను నిమిరితే, అది వేళ్ళు లేకుండా చేతిలోకి వచ్చేసింది. ఇంకోటి పట్టుకుంది. అదీ వచ్చేసింది.

జొన్నమ్మ వానలో తడుస్తూ సూదమ్మ పొద దగ్గరకు పరుగెత్తింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి అని దారిలో ఒకసారి ఆగింది కూడా. కానీ అమ్మ పువ్వు ముందు ఆ ముఖం ఎంత అనుకుని మళ్ళీ కదిలింది.

నిజం చెప్పాలంటే, జొన్నమ్మ ఎప్పటికైనా వస్తుందని సూదమ్మకు తెలుసు. వస్తే ఏమేం తిట్టాలో ఏడాదిన్నరగా వరసపెట్టుకుని ఉంచుకుంది. తీరా గుమ్మంలో తడిసిన చెవులు వేలాడేసుకుని నిలబడ్డ పిల్లను చూసేసరికి ఆ తిట్లలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అత్తా, ఆ రోజు తప్పు మాట అన్నాను. అమ్మ పువ్వు పోతోంది, రా అత్తా," అంది జొన్నమ్మ.

"తిట్టడం తర్వాత. ముందు నడు," అంది సూదమ్మ.

సూదమ్మ రేగుకంప పక్కకు లాగి, గోళ్ళతో మట్టి తీసి చూసింది. వేళ్ళన్నీ నల్లగా కుళ్ళి వాసన వేస్తున్నాయి. జొన్నమ్మ, ఎండిన పువ్వుల నుంచి విత్తనాలు దాచానని, అవి నాటుకుందామని అంది. సూదమ్మ తల అడ్డంగా ఊపింది. విత్తనం వేస్తే చామంతి రావచ్చు గానీ మీ అమ్మ చామంతి రాదు, ఆ ఎర్ర బొట్టు పిలకకో కొమ్మకో తప్ప దిగదు అని చెప్పింది. ఆ మాటతో జొన్నమ్మ కూలబడిపోయింది.

సూదమ్మ దుబ్బు చుట్టూ తిరిగి ఒక్కో కాడనూ వాసన చూసింది. అంచున ఒక్క పిలక మాత్రం ఇంకా బతికి ఉంది. దాని కాళ్ళు అప్పుడే నల్లబడుతున్నాయి. తల మాత్రం పచ్చగా ఉంది.

"ఈ నలుపు పైకి పాకుతుంది. పాకేలోపు పచ్చగా ఉన్నచోట తెంపెయ్యాలి," అంది సూదమ్మ.

"నువ్వు తెంపు అత్తా. నా వల్ల కాదు."

"నా పళ్ళు మోటువి. లేత కాడ నలిగిపోతుంది. నీ పళ్ళకైతే నున్నగా తెగుతుంది. నువ్వే కొరకాలి తల్లీ."

అమ్మ నాటిన చోట ప్రాణంతో మిగిలింది ఆ ఒక్క రెమ్మే. దాన్ని తన పళ్ళతో తనే తెంపాలి. జొన్నమ్మ ఎంతసేపో అలాగే కూర్చుంది. వంగి దాని దగ్గరకు మూతి పెట్టేసరికి ఆకు వాసన వచ్చింది. అమ్మ పాదాల దగ్గర ఎప్పుడూ ఉండే వాసన అదే. జొన్నమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే కొరికింది. రెమ్మ తెగి చేతిలో పడింది.

తర్వాత పని చకచకా సాగింది. సూదమ్మ మారేడుకాయ డొప్ప ఒకటి తెచ్చి అడుగున చిల్లు పెట్టింది. జొన్నమ్మ వాగు ఇసుక నింపింది. రెమ్మకు కింది ఆకులు తీసేసి, ఇసుకలో గుచ్చి, వాన పడని నీడలో పెట్టారు. రోజుకొకసారి కాసిని నీళ్ళు చిలకరించమంది సూదమ్మ. దొప్పతో పోశావంటే ఈసారి నిజంగానే ముళ్ళు గుచ్చుతానంది.

నీళ్ళు తక్కువ పోయడం జొన్నమ్మకు కష్టమే అయింది. అంతకంటే కష్టమైంది ఇంకోటి ఉంది. వేళ్ళు వచ్చాయో లేదో లాగి చూడకుండా ఉండటం. లాగాలని చెయ్యి దురద పుట్టినప్పుడల్లా తన చెవే తను లాగుకునేది. సూదమ్మ పక్కనే కాపలా కూర్చుని, కుందేలమ్మ చిన్ననాటి కబుర్లు చెప్పేది. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున రెమ్మ తల మీద చిన్న కొత్త ఆకు కనిపించింది. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కుళ్ళిన దుబ్బును జొన్నమ్మ తనే తవ్వి, దూరంగా పడేసి వచ్చింది. నీళ్ళు నిలవని మెరక చోట కొత్త మడి చేసి, పేడ ఎరువూ బూడిదా కలిపి, వేళ్ళు తొడిగిన మొక్కను అక్కడ నాటింది. మామూలుగా అయితే తల తుంచమనేదాన్ని, గుబురుగా పెరుగుతుంది అంది సూదమ్మ. కానీ ఇప్పటికే ఆలస్యమైంది, ఈ ఏటికి ఒక్క పువ్వు పూస్తే చాలు అంది.

చలికాలం వచ్చింది. మొక్క ఒక్క మొగ్గ తొడిగింది. పండగ నాటికి అది విచ్చుకుంది. పసుపు రేకులు, మధ్యలో ఎర్రని బొట్టు.

వాగు ఒడ్డున ఆ ఏడాది పిల్లలు బోలెడు. జొన్నమ్మ ఒకే ఒక్క పువ్వు పట్టుకుని అందరి ముందూ నిలబడింది. దుబ్బు పోయిందని, పోయింది తన మొండితనం వల్లేనని దాచకుండా చెప్పింది. తల్లులు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఒక్క పువ్వుతో ఏ పిల్లకు పేరు పెట్టాలి?

ఎలుగుబంటి తాత గడ్డం గోక్కున్నాడు.

"పువ్వు పెట్టాకే పేరు చెప్పాలన్నారు పెద్దలు. ఒక్కో పిల్లకు ఒక్కో పువ్వు అని ఎవరన్నారు?" అన్నాడు.

అంతే, ఆ ఒక్క పువ్వే ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారుతూ పోయింది. ఉడుత పిల్లకు పెట్టి పేరు చెప్పాడు. తీసి ముళ్ళపంది పిల్లకు పెట్టాడు, జాగ్రత్తగా. చివరికి జింక పిల్ల వంతు వచ్చింది. తాత పువ్వు పెట్టి, చెవిలో "చుక్కలయ్య" అన్నాడు. చుక్కలయ్య తల తిప్పాడు. పువ్వు జారి ముక్కు మీద పడింది. వాసన చూశాడు. నాలుక చాపి, నోట్లో వేసుకుని, నమిలి మింగేశాడు.

తల్లి జింక పరుగున వచ్చి వాడి నోరు తెరిచి చూసింది. అందరూ జొన్నమ్మ వైపు చూశారు. గోరు పడనివ్వనని కంప కట్టుకున్న జొన్నమ్మ ఇప్పుడేం చేస్తుందోనని భయపడ్డారు.

జొన్నమ్మ కాసేపు చుక్కలయ్య మూతి వైపు చూసింది. వాడి పెదవికి ఒక పసుపు రేకు అంటుకుని ఉంది. జొన్నమ్మ పకపకా నవ్వింది. అమ్మ పోయాక అది నవ్వడం అదే మొదలు.

"తిననీ అక్కా. మొక్క అడుగున పిలకలు లేచాయి. మొదటిది సూదమ్మత్తకు. మిగతావి ఈ ఏడు కొందరికి, వచ్చే ఏడు అందరికీ. ఎండబెట్టారంటే మాత్రం ఊరుకోను," అంది.

సూదమ్మ చలిగాలికి కళ్ళు మండుతున్నాయంటూ తుడుచుకుంది. ఆ రోజు గాలి లేదు.

తర్వాత ఏళ్ళలో ఆ అడవిలో చామంతి పూయని పెరడు లేదు. కుందేలమ్మ పువ్వు ఎవరి ఇంట్లో బాగా పూసిందంటే, సూదమ్మ ఇంట్లోనని అందరూ ఒప్పుకునేవారు. జొన్నమ్మ కూడా ఒప్పుకునేది, సంతోషంగానే.

నీతి: ప్రాణమైనదని చుట్టూ కంప కట్టుకుంటే మన చేతుల్లోనే పోతుంది, నలుగురికీ పంచితే నాలుగిళ్ళలో బతుకుతుంది.