దానమ్మ చెయ్యి

సముద్రానికీ మనుషులకీ ఇంకా మాటలున్న కాలం అది. ఏరు వెళ్లి సముద్రంలో కలిసే చోట ఒక చేపల పల్లె ఉండేది. ఆ పల్లెలో దానమ్మ అనే ఆవిడ వలలు బాగుచేసుకుంటూ బతికేది. ఆమె మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. అప్పట్నించీ ఆమె పడవ ముట్టుకోకూడదన్నారు. మొగుడు పోతే పెళ్లాం చేతులేం పాపం చేశాయో, చెప్పిన మారాజు ఒక్కడూ లేడు!

ఒక వానాకాలం ఏటికి వరదొచ్చింది. ఎర్రనీళ్లు సముద్రం మీద పరుచుకున్నాయి. ఆ ఉదయం దానమ్మ మరిది సింహాద్రి తోటివాళ్లతో వేటకి బయల్దేరాడు. అలల్లోకి తోస్తుంటే పడవ పక్కకి ఒరిగింది. దానమ్మ ఒక్క ఉరుకున వచ్చి చెయ్యి ఆనించింది. పడవ నిలబడింది, వేటకి వెళ్లింది. కానీ ఊరంతా చూసింది.

ఆ పడవ తిరిగొస్తూ, ఒడ్డుకి కనిపించేంత దూరంలో ఆగిపోయింది. గాలి లేదు, అల లేదు. ఎంత తెడ్డు వేసినా కదలదు. వాళ్ల వెనకాల తూర్పున నల్లగా తుఫాను మబ్బు లేస్తోంది.

"ముండమోపి సెయ్యి పడింది! గంగమ్మ పడవని పట్టీసింది!" అన్నాడు కులపెద్ద కొర్లయ్య. "ఆ పడవ రాకపోతే ఈ ఊర్లో నీకు సోటు నేదు."

దానమ్మ కొంగు బిగించింది. "నాను ముట్టుకుంటే ఆగిపోనాదా? అయితే నాను ముట్టుకుంటేనే కదలాల!"

మొగుడి పాత తెప్పని నీళ్లవైపు ఈడ్చింది. "ఆడది తెప్ప ఎక్కకూడదు!" అని కొర్లయ్య అడ్డొచ్చాడు.

"నాను ముట్టుకుంటే ఆగిపోనాదా? అయితే నాను ముట్టుకుంటేనే కదలాల!"

"ఓలమ్మ, నువ్వూ పోతావే!" అని ఆడవాళ్లు చెయ్యి పట్టుకున్నారు. వాళ్లకీ అదే జవాబు.

చివరికి అత్త వచ్చింది. ఆమె ఒక కొడుకు సముద్రంలోనే పోయాడు, రెండోవాడు ఆ పడవలో ఉన్నాడు. దానమ్మ అత్తకీ అదే మాట చెప్పింది. అత్త తెడ్డు తెచ్చి కోడలి చేతికిచ్చింది.

తేలికైన తెప్ప మీద పడవ దగ్గరికి చేరి, దానమ్మ దాని అంచు పట్టుకుని నీళ్లలోకి జారింది. నడుం దాకా వెచ్చటి ఏటినీళ్లు. కాళ్లకి చల్లటి ఉప్పునీళ్లు. ఆ చలి పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. పైన అల లేకపోయినా కింద అల నడుస్తోంది!

"ఒరే సింహాద్రీ, కిందన ఇంకో సముద్రముందిరా! మీరు తెడ్డేసిన కొద్దీ అది లెగిసి పడవని ఎనక్కి లాగుతంది. తెడ్లు ఎత్తీయండి!"

"మబ్బు వచ్చేత్తంది వదినా!"

"ఎత్తీయమన్నానా!"

ఎత్తారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. నీళ్లలో ఉన్న దానమ్మ కాళ్లకింద ఆ చలి ఎగిసిపడటం నెమ్మదిగా సద్దుమణిగింది. దానమ్మ పడవ ఎక్కి అరిచింది.

"ఇప్పుడందరూ ఒక్కపాలి! ఏయ్! ఏయ్! ఏయ్!"

మూడో తెడ్డుకి పడవ ఉరికింది. వాళ్లు ఒడ్డెక్కాకే తుఫాను వచ్చింది.

"గంగమ్మ నిన్ను సెమించిందే," అన్నాడు కొర్లయ్య.

"గంగమ్మకి నా మీద కోపమెప్పుడొచ్చింది? ఆ కోపం నీది!" అంది దానమ్మ. తడిచీరతోనే నడిచి, ఒడ్డున ఉన్న పడవలన్నిటినీ వరసగా ముట్టుకుంటూ వెళ్లింది. మగవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు.

దానమ్మ ముసలిదై కాలం చేసింది. ఇప్పటికీ ఆ పల్లెలో కొత్త పడవ దించేటప్పుడు ముందుగా మొగుడు పోయిన ఆడవాళ్లని పిలుస్తారు. వాళ్లు చెయ్యి ఆనించాకే మగవాళ్లు తోస్తారు. ఎవడైనా తొందరపడ్డాడా, ముసలాళ్లు గదమాయిస్తారు.

"ఆగరా! దానమ్మ సెయ్యి పడిందా?"