కిందూరి గడియకుడుక

అనగనగా ఒక కాలువ. ఆ కాలువ మీద రెండు ఊళ్లు. ఎగువన మీదూరు, దిగువన కిందూరు. రెండూళ్లకూ కలిపి ఒకే దొర. ఆయన పేరు మాచనాయకుడు.

మాచనాయకుడు చెడ్డవాడు కాడు. కానీ వట్టి అనుమానం మనిషి. వంటవాడు నవ్వుతూ వడ్డిస్తే, వీడెందుకు నవ్వుతున్నాడా అనుకునేవాడు. నవ్వకుండా వడ్డిస్తే, వీడి మనసులో ఏముందా అనుకునేవాడు. తీర్పు చెప్పేవాడు ఎవరినీ నమ్మకూడదని ఆయన ఉద్దేశం. అందుకే కొలువులో ఒక ఆచారం పెట్టాడు. ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా సరే, నిజం తేలకముందే వాడు తలపాగా తీసి గడప బయట పెట్టి లోపలికి రావాలి.

ఆ ఊళ్లలో నీళ్లను కాలంతో కొలిచేవారు. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్లతొట్టిలో వదిలేవారు. బెజ్జంలోంచి నీరు ఎక్కి ఎక్కి, గిన్నె బుడుంగున మునిగేది. దాన్ని గడియకుడుక అనేవారు. మీదూరికి పన్నెండు మునకలసేపు నీళ్లు. ఆ తర్వాత కిందూరికి పన్నెండు మునకలసేపు నీళ్లు. ఏ ఊరి కుడుక ఆ ఊరిదే. కుడుకను కనిపెట్టుకుని ఉండి, తూము తెరిచి మూసేవాణ్ణి నీరటి అనేవారు. మీదూరి నీరటి గురవప్ప. కిందూరి నీరటి చెన్నప్ప. ఇద్దరూ తలలు నెరిసినవాళ్లే.

ఒక ఏడు వానలు తగ్గాయి. కిందూరి వరి పొట్టకొచ్చి, ఎండు ముఖం పట్టింది. పన్నెండు మునకలూ లెక్కగా పడుతున్నాయి, చివరి మడికి మాత్రం నీళ్లు అందడం లేదు. కిందూరివాళ్లు దొర దగ్గరికి పరుగెత్తారు.

"పైవాళ్లు దొంగచాటుగా గట్టుకు గండి కొడుతున్నారు దొరా! ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే వరి పొట్టలోనే మాడిపోతుంది. మా పిల్లలకు గంజి కూడా మిగలదు."

దొరకు అనుమానం రాజుకుంది. గురవప్పను పిలిపించాడు.

"తీయి తలపాగా."

"దొరా, నా కోడళ్లు కూడా నన్ను పాగా లేకుండా చూడలేదు."

"దాచుకునేది ఏమీ లేనివాడికి పాగా ఎందుకు?"

గురవప్ప పాగా తీసి గడప బయట పెట్టాడు. భటులు అతని ఇల్లు వెతికారు. గట్టు పొడవునా నడిచి చూశారు. ఎలుక బొరియంత గండి కూడా కనపడలేదు. గురవప్ప ఆ పాగాను తిరిగి ముట్టుకోకుండా, మిట్టమధ్యాహ్నపు ఎండలో బోడితలతో ఇంటికి నడిచాడు. అది చూసి మీదూరి మగవాళ్లంతా కిందూరి మీదికి కర్రలు తీశారు.

పైవాళ్లు కాకపోతే కిందివాళ్లే అబద్ధం ఆడుతున్నారనుకున్నాడు దొర. ఈసారి చెన్నప్ప పాగా గడప బయటికి పోయింది. భటులతో పాటు దొర కూడా అతని ఇంటికి వెళ్లాడు. మూకుళ్లు బోర్లించారు, చాపలు దులిపారు. దొరికినవి మూడు: ఒక చింతపండు ముద్ద, కాస్త ఇటుకపొడి, ఒక దబ్బనం.

"ఈ దబ్బనం ఎందుకు?" అని గద్దించాడు దొర.

చెన్నప్ప తల వంచుకున్నాడు.

అతని భార్య సాయమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఆ చింతపండు కూడా దొంగసొత్తే అయ్యుంటుంది, పట్టుకుపోండి దొరా! మీ ఇంట్లో పులుసు పెట్టించుకోండి."

"ఏమే, నాలుక అదుపులో పెట్టుకో. నీ మొగుడు ఏదో దాస్తున్నాడు. లేకపోతే ఎందుకు మాట్లాడడు?"

"నలుగురిలో తల మీద గుడ్డ తీయించారు. ఇప్పుడు ఆ తలలో ఉన్న మాట కూడా కావాలా? మీరు ఏమడిగినా ఆయనకు వినపడేది ఒక్కటే దొరా, నువ్వు దొంగవి అని."

దొర బయటికి వచ్చాడు. ముందు సాయమ్మను అనుమానించాడు. తర్వాత భటులను అనుమానించాడు. ఊరు దాటేసరికి, మొట్టమొదటిసారిగా, ఆ అనుమానం ఆయన మీదికే తిరిగింది. ఇద్దరు ముసలివాళ్ల పాగాలు తీయించాను. నాకు తెలిసింది ఏమిటి? ఏమీ లేదు. పెరిగింది ఏమిటి? కర్రలు.

మర్నాడు పొద్దున్నే దొర గడప బయట పడి ఉన్న రెండు పాగాలను తనే తీసి, దుమ్ము దులిపాడు. భటులను రావద్దన్నాడు. ముందు మీదూరు వెళ్లి గురవప్ప పాగాను రెండు చేతులతో అందించాడు.

గురవప్ప అందుకోలేదు. "ఇదేం కొత్త ఎత్తు దొరా?"

"అనుమానించు గురవప్పా. ఆ విద్య నేర్పింది నేనే. తప్పు నాది. ఇళ్లు వెతికించాను, గట్టు వెతికించాను, కుడుకలు మాత్రం చూడలేదు. పాగా చుట్టుకుని, నీ కుడుక పట్టుకుని నాతో రా."

అక్కడి నుంచి చెన్నప్ప ఇంటికి వెళ్లారు. అతనికీ పాగా ఇచ్చి, కుడుక తెమ్మన్నాడు. ముగ్గురూ తూము దగ్గర తొట్టి చుట్టూ నేల మీదే కూర్చున్నారు.

"చెన్నప్ప తాతా, నిన్న నిన్ను గద్దించాను. ఇవాళ తెలియక అడుగుతున్నాను. ఆ దబ్బనం ఎందుకు?"

చెన్నప్ప తన కుడుకను ముందుకు జరిపాడు. "నాలుగేళ్ల కిందట ఈ గట్టు మీదే నన్నొక మాటన్నారు దొరా. బెజ్జంలో మైనం పెట్టి మునక ఆలస్యం చేస్తున్నానట. అందరూ నవ్వారు. ఆనాటి నుంచి రోజూ జనం చూస్తుండగా చింతపండు, ఇటుకపొడి పెట్టి కుడుక తోముతున్నాను. బెజ్జంలో దబ్బనం దూర్చి తిప్పి, ఇదిగో ఏమీ లేదు చూడండని చూపిస్తున్నాను. ఒక్క పూట మానలేదు."

దొర రెండు కుడుకలనూ పక్కపక్కనే నీళ్లలో వదిలాడు. కిందూరి కుడుక బుడుంగున మునిగింది. మీదూరి కుడుక ఇంకా సగం కూడా నిండలేదు!

రోజూ తోమి తోమి, తిప్పి తిప్పి, బెజ్జం పెద్దదైపోయింది. మునక పొట్టిదైపోయింది.

"అయ్యో! నా ఊరి నీళ్లు నేనే తగ్గించానా?" చెన్నప్ప తన కుడుకను పైకి తీసి బెజ్జం చూసుకున్నాడు.

అప్పటికే రెండూళ్లవాళ్లూ కర్రలతో గట్టు మీదికి వస్తున్నారు. దొర లేచి నిలబడ్డాడు. "తాతా, నిజం నువ్వే చెప్పు. పాగా నీ తల మీదే ఉంటుంది. నేను నీ పక్కనే ఉంటాను. కానీ ముందు నా తప్పు చెప్పుకోనీ."

దొర తన తప్పు చెప్పుకున్నాడు. తర్వాత చెన్నప్ప తనది చెప్పాడు. గుంపులోంచి ఎవడో పకపకా నవ్వాడు. "ముసలాయన రాగి అంతా అరగదీశాడ్రోయ్!"

గురవప్ప గిర్రున తిరిగాడు. "నవ్వకు! ఆనాడు మైనం అన్నది నేనే. ఊరికే, నవ్వించడానికి అన్నాను. ఆ నవ్వు ఎక్కడిదాకా వచ్చిందో కిందకు పోయి ఆ వరినడుగు." ఆ పైన చెన్నప్ప చేయి పట్టుకున్నాడు. "అన్నా, కొత్త కుడుక చేయించేదాకా మీ వంతుకు మాదే వెయ్యి. మూడు రోజులపాటు మా వంతులో సగం కూడా మీకే."

మీదూరివాళ్లు కర్రలు దించారు. ఎవరూ కాదనలేదు. చెన్నప్ప తూము ఎత్తాడు. మూడో రోజుకు చివరి మడి కూడా తడిసింది. వరి బతికింది.

మాచనాయకుడికి అనుమానం పూర్తిగా పోయిందని చెప్పలేం గాని, తలపాగాల ఆచారం మాత్రం ఆ రోజుతో పోయింది. తర్వాత ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా, ముందు పీట వేసి కూర్చోబెట్టి, ఆ తర్వాతే అడిగేవాడు.

కాబట్టి పిల్లలూ, ఎదుటి మనిషి గౌరవం నిలబెట్టి అడిగే నాయకుడికే నిజం తెలుస్తుంది. అతని చేతిలోనే తగవు తీరుతుంది.