ఉన్ని మేజోళ్ళ రాకుమారుడు

అనగనగా రేగడిపురం అనే రాజ్యం. ఆ రాజ్యానికి మణిమంతుడు అనే రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, వాళ్ళ తర్వాత చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్క కూతురు. ఆ పిల్ల పేరు అలివేణి. ఏడేళ్ళది. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే దాకా పరుగే పరుగు. అంతఃపురంలో ఈ కొస నుంచి ఆ కొసకు తపతపమని ఆ పాదాలు చప్పుడు చేస్తుంటే, అది వింటూ రాణి అన్నం తినేది, అది వింటూ రాజు కొలువు చేసేవాడు.

ఒకరోజు కొలువుకు ఒక ముసలి మాంత్రికుడు వచ్చాడు. నడిచి రాలేదు. చెక్కపీట మీద మఠం వేసుకుని కూర్చుని, గాలిలో తేలుతూ వచ్చాడు. అందుకే అందరూ అతన్ని గాలిపీట మాంత్రికుడు అనేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అతని పాదం నేలకు తగలలేదు. అలివేణి పరుగు చూసి అతనికి కన్నుకుట్టింది. పిల్లను దగ్గరికి పిలిచి, "నీ నడక బాగుందమ్మా. ఒకసారి ఇస్తావా? చూసి ఇచ్చేస్తాను" అన్నాడు.

ఎవరేది అడిగినా లేదనడం ఆ పిల్లకు తెలియదు. "తీసుకో తాతా" అంది.

మాంత్రికుడు ఆ నడకను ఒక చిన్న మట్టి పిడతలో పోసుకున్నాడు. మూత పెట్టాడు. పీటతో సహా ఎగిరిపోయాడు. అలివేణి నిలుచున్నచోటే కూలబడింది. ఎంత లేవనెత్తినా కాళ్ళు నిలబడలేదు. ఇల్లంతా చప్పుడు లేకుండా పోయింది.

రాజు పెద్దలను పిలిపించాడు. వాళ్ళు శాస్త్రాలు తిరగేసి చెప్పిందేమిటంటే, తొలకరి చినుకు పడేలోగా ఆ పిడత ఇంటికి రావాలి, పిల్ల పాదాల మీద ఒంపాలి. చినుకు పడ్డాక తెస్తే అందులో మన్ను తప్ప ఏమీ ఉండదు. మాంత్రికుడి ఇల్లు ఏడు కొండలకు అవతల ఉంది. నడుమ మూడు నేలలు దాటాలి. ఒకటి బురదనేల, ఒకటి రాతినేల, ఒకటి ముళ్ళనేల. గుర్రం ఎక్కినవాడికి ఆ దారి కనబడదు. పల్లకీ ఎక్కినవాడికీ కనబడదు. కాలినడకన పోయినవాడికే కనబడుతుంది. ఏడు సముద్రాల కథలు మీరు చాలా విని ఉంటారు. ఈ కథలో సముద్రం లేదు, ఓడ లేదు. నడకే ఉంది.

అప్పటికి మాఘమాసం. పెద్ద రాకుమారుడు నేను పోతానన్నాడు. ఆ రాజ్యంలో గొప్పవాళ్ళు నడిస్తే చెప్పులు కిర్రుకిర్రుమనాలి. ఎంత కిర్రుమంటే అంత గొప్ప. అతను జరీ కుట్టిన కిర్రు చెప్పులు తెప్పించి, పొద్దున్నే నిద్ర లేచి తొడిగి చూసుకున్నాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఆ పూటే బయలుదేరాడు. మధ్యాహ్నానికి కాళ్ళు ఉబ్బాయి. కొత్త చెప్పులు కరిచాయి. బురదనేలలో తోలు నాని, మళ్ళీ ఎండి, మరింత బిగుసుకుంది. రెండు మడమలూ పొక్కి, పొక్కులు చితికి, తొమ్మిదో రోజున ఎవరిదో గడ్డిబండిలో పడుకుని ఇంటికి వచ్చాడు.

నడిపి రాకుమారుడు నవ్వాడు. అన్న చెప్పులు బిగుతు కాబట్టి కరిచాయి, నేను వదులువి వేసుకుంటానన్నాడు. రెండు వేళ్ళ వదులు జోళ్ళు తెప్పించి, లోపల పట్టు మేజోళ్ళు తొడిగాడు. బురదనేల దాటాడు. కాని తడిసిన పట్టు పాదం కింద ఉండ చుట్టుకుంది. రాతినేలలో దిగుడు వచ్చేసరికి పాదం జోడులో ముందుకు జారి, అడుగడుక్కీ వేళ్ళు తోలుకు కొట్టుకున్నాయి. గోళ్ళు నల్లబడ్డాయి. నెల తర్వాత రెండు కర్రలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు.

చిన్న రాకుమారుడి పేరు నాగకేతు. అతను చెల్లెలి పక్కన కూర్చున్నాడు. అలివేణి అతని చెయ్యి పట్టుకుంది.

"పెద్దన్నకూ నడిపన్నకూ కాళ్ళు నొప్పులు నావల్లే కదా. నువ్వు పోవద్దన్నా. నేను కూర్చునే ఆడుకుంటాలే" అంది.

నాగకేతు ఆమె తల నిమిరి లేచాడు. మొహం కడుక్కుని, ఊరి చివర చెప్పులు కుట్టే ముత్యాలు ఇంటికి పోయాడు. ముత్యాలు తండ్రి దగ్గర పని నేర్చుకుని, ఆయన పోయాక ఒక్కతే ఆ పని చేసుకుంటూ ఉంది. అతన్ని చూసి లేచి నిలబడింది గాని చేతిలోని తోలు కుట్టే ఆరె పక్కన పెట్టలేదు.

"మీ అన్నలు చెప్పుల కోసం మనుషుల్ని పంపారు చినదొరా. కాళ్ళు పంపలేదు. మీరు కాళ్ళు తెచ్చారు, సంతోషం. కాని పొద్దున్నే తెచ్చారు" అంది.

పొద్దున కాలు ఒక తీరు, సాయంత్రం కాలు ఒక తీరు అని వివరించింది. ఊరి పొలిమేర చుట్టూ మూడుసార్లు తిరిగి, పొద్దు వాలాక రమ్మంది. నాగకేతు తిరిగి వచ్చాడు. అప్పుడు రెండు పాదాలూ కొలిచింది. ఎడమది కుడిదానికంటే వడ్లగింజంత పెద్దది. దానికే కొలత పెట్టింది. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉంచింది. మడమ దగ్గర మాత్రం కదలకుండా కుట్టింది. వంగే చోట పలచని తోలు, అడుగున మందపు తోలు వేసింది. ఆముదం పట్టించి మెత్తబరిచి, వీటికి కిర్రు రాదు, మీ పరువు పోతుందేమో చూసుకోండి అంది. నాగకేతు నవ్వాడు.

గొర్రెల కాపరులు ఇచ్చిన ఉన్నితో మందపాటి మేజోళ్ళు రెండు జతలు అల్లింది. వాటి లోపల తొడుక్కోవడానికి తండ్రి పాత పంచె చింపి పలచని మేజోళ్ళు కుట్టింది. కుట్టు చర్మానికి ఒరుసుకోకుండా బయటివైపుకు పెట్టింది. ఒక జత కాళ్ళకు ఉండాలి, ఒక జత భుజం మీద ఆరాలి అని చెప్పింది.

ఇంక పోతానన్నాడు నాగకేతు. వీల్లేదంది. మూడు రోజులు ఇంట్లో, మూడు రోజులు వీధిలో, మిగిలిన రోజులు పొలాల్లో, మొత్తం పదిహేను రోజులు వాటితో తిరగాలంది.

"తొలకరి వచ్చేస్తుంది ముత్యాలూ" అన్నాడు.

"పదిహేను రోజులు పోతాయని మీకు బెంగ. మీ అన్నల వల్ల ఎన్ని రోజులు పోయాయో లెక్క చూసుకోండి" అంది.

పదిహేను రోజులూ అతను సాయంత్రం పూట వచ్చి పాదాలు చూపించేవాడు. ఎక్కడ ఎర్రబడితే అక్కడ ఆమె జోడును చిన్న సుత్తితో తట్టి సరిచేసేది. ఆ రోజుల్లో ఆమె అతని మొహం ఎన్నిసార్లు చూసిందో ఎవరికీ తెలియదు. పాదాలు మాత్రం కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలిగేది. పదహారో రోజున సాగనంపుతూ ఒకే మాట చెప్పింది.

"ఎర్రబడితే చాలు, కూర్చోండి. పొక్కేదాకా ఆగకండి. మగతనం చూపించుకోవడానికి వేరే చోట్లు ఉన్నాయి."

నాగకేతు ఒక కొండ దాటాడు, రెండు కొండలు దాటాడు, మూడు కొండలు దాటాడు. బురదనేల వచ్చింది. ప్రతి పూటా ఆగి, కాళ్ళు తుడుచుకుని, తడి మేజోళ్ళు భుజాన వేసుకుని, పొడివి తొడుక్కున్నాడు. బురదనేల దాటాడు. రాతినేల వచ్చింది. దిగుడు దగ్గర జోడు తాడు మడమ వైపుకు బిగించి కట్టుకున్నాడు. రాతినేల దాటాడు. వేసవి ఎండ నెత్తి మాడుస్తుండగా ముళ్ళనేల అంచుకు చేరాడు.

అక్కడ ఒక ముసలి నక్క మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. నాలుగో పాదంలో ముల్లు. నాగకేతు కూర్చుని, దాని పాదం ఒళ్ళో పెట్టుకుని, ముల్లు తీసి, గుడ్డతో తుడిచాడు.

"ఈ దారిన వచ్చే దొరలు నన్ను చూస్తే బాణం తీస్తారు. నువ్వేమిటి నాయనా, కాలు చూస్తున్నావు?" అంది నక్క.

"పదిహేను రోజులు కాళ్ళు తప్ప ఇంకేమీ చూడలేదు అవ్వా. అలవాటైపోయింది" అన్నాడు.

నక్కకు అతను నచ్చాడు. మాంత్రికుడి గుట్టంతా చెప్పింది. అతని ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళే అతని మంత్రం పనిచేస్తుంది. పంజరం దూలానికి వేలాడుతుంటే, దాని కిందే పీట వేసుకుని కూర్చుంటాడు, కదలడు. ఆ ఇంటి నేల మామూలు నేల కాదు. ఉత్తకాలు తగిలితే చాలు, నడకను లాగేసుకుంటుంది. అందుకే చెప్పులతోనే లోపలికి పొమ్మంది.

నాగకేతు తల అడ్డంగా ఊపాడు. "ముసలాయన ఇంట్లోకి చెప్పులతో ఎట్లా పోతాను? మా అమ్మ అట్లా పెంచలేదు."

"అట్లా పెరిగినవాళ్ళే నూటపన్నెండుమంది ఆ వాకిట్లో కూలబడి ఉన్నారు. నువ్వు నూటపదమూడోవాడివి, పో" అంది నక్క. విసుక్కుంటూనే ముళ్ళు తక్కువ ఉన్న దారి చూపించింది.

మాంత్రికుడి వాకిలి నిండా మనుషులు. వర్తకులు, సిపాయిలు, బైరాగులు, అందరూ కూర్చునే ఉన్నారు. గడప పక్కన గుట్టగా చెప్పులు. లోపలి నుంచి, "చెప్పులు విడిచి లోపలికి రా నాయనా" అని తియ్యని గొంతు వినబడింది.

నక్క మాట గుర్తుంది. చెల్లెలు గుర్తుంది. అయినా నాగకేతు చెయ్యి దానంతట అదే కిందికి పోయి జోళ్ళు విప్పింది. పుట్టినప్పటి నుంచి గడప ముందు చేసిన పని అది. రెండు జోళ్ళూ పక్కపక్కన పెట్టి, మేజోడు అంచు పట్టుకుని లాగబోయి, ఆగాడు. చెప్పులు విడవమన్నాడు గాని మేజోళ్ళు విడవమనలేదు. పెద్దవాడి మాట కాదన్నట్టూ కాదు, ఉత్తకాలు పెట్టినట్టూ కాదు. మేజోళ్ళతోనే గడప దాటాడు.

ఒక అడుగు వేశాడు. ఏమీ కాలేదు. రెండో అడుగు వేశాడు. ఏమీ కాలేదు. మూడో అడుగు వేసి మాంత్రికుడికి దండం పెట్టాడు.

మాంత్రికుడు తెల్లబోయాడు. ఏనాడూ కాలికి ఏదీ తొడగనివాడు, మేజోళ్ళు ఎరగనివాడు. మీ ఊళ్ళో మనుషులకు పాదాల మీద ఉన్ని మొలుస్తుందా అని అడిగాడు.

"నడిచేవాళ్ళకు అట్లాగే ఉంటుంది తాతా. అడుగున ఎట్లా ఉందో కూడా చూస్తావా?" అని నాగకేతు పంజరం కిందికి వచ్చి ఒక కాలు ఎత్తాడు.

నడక మీద అంత మోజున్నవాడు చూడకుండా ఉండగలడా? పీటను నేల దాకా దించి, తల వంచి, పాదం కిందికి చూశాడు. నాగకేతు ఒంటికాలి మీద నిలబడి, చెయ్యి పైకి చాచి పంజరం అందుకున్నాడు. మాంత్రికుడు తల ఎత్తేసరికి చిలక నాగకేతు చేతిలో ఉంది.

మాంత్రికుడు రెండు చేతులూ జోడించాడు. దాని మెడ విరవొద్దని బతిమాలాడు.

"దాని మెడతో నాకు పని లేదు. మా చెల్లెలి నడక ఇవ్వు. వాకిట్లో ఉన్నవాళ్ళవి కూడా ఇవ్వు."

మాంత్రికుడు అటక మీది పిడతలు ఒక్కొక్కటే దించాడు. ఒక చిన్న పిడతకు నాగకేతు చెవి ఆనించి విన్నాడు. లోపల తపతపమని పరుగు. దాన్ని గుండెకు హత్తుకున్నాడు. మిగిలినవి వాకిట్లోవాళ్ళ పాదాల మీద ఒంపితే, నూటపన్నెండుమందీ లేచి నిలబడ్డారు. అప్పుడు నాగకేతు చిలకను, నీకేం కావాలని అడిగాడు.

"ఇన్నేళ్ళూ ఇతని ప్రాణం మోశాను. ఇంక నా ప్రాణం నేను మోసుకుంటాను, వదులు" అంది చిలక.

వదిలాడు. చిలక ఎగిరిపోయింది. మాంత్రికుడు చావలేదు. మంత్రం పోయింది, పీట కిందపడింది, అంతే. అతని పాదాలు మొదటిసారి నేలకు తగిలాయి. పసిపాప పాదాల్లా మెత్తగా ఉన్నాయి. ఆ రాతి గచ్చుకు ఓర్చుకోలేక ఏడ్చాడు. నాగకేతుకు జాలివేసింది. భుజం మీది పొడి మేజోళ్ళు తీసి ఆ ముసలి కాళ్ళకు తొడిగాడు. మొదట గోడ పట్టుకుని నడువు తాతా, రోజుకు నాలుగడుగులు చాలు అని చెప్పి, తన జోళ్ళు తొడుక్కుని వెనుదిరిగాడు.

ఇప్పుడు అతనికి ఒకటే జత మేజోళ్ళు. తడిసినప్పుడల్లా అవి ఆరేదాకా ఆగాల్సి వచ్చింది. అవతల ఆకాశం నల్లబడుతోంది. ఆగితే తొలకరి పడుతుంది. ఆగకపోతే కాలు పొక్కి అసలు చేరనే లేడు. పిడతను ఒళ్ళో పెట్టుకుని, మేజోళ్ళు ఎండలో పరచి, మబ్బును చూస్తూ కూర్చోవడమే ఆ ప్రయాణం మొత్తంలో అతనికి కష్టమైంది. అయినా కూర్చున్నాడు. ఆరాకే లేచాడు.

చివరి కొండ దిగుతుండగా ఉరిమింది. ఊరి పొలిమేరకు వచ్చేసరికి చల్లగాలి లేచింది. అలివేణిని వాకిట్లో కూర్చోబెట్టి ఊరంతా చుట్టూ నిలబడింది. నాగకేతు ఆగకుండా నడిచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, పిడత మూత తీసి చెల్లెలి పాదాల మీద ఒంపాడు. ఆఖరి ధార పడిందో లేదో, మొదటి చినుకు నేల మీద పడింది.

అలివేణి చేతులు నేలకు ఆనించింది. లేచింది. తూలింది. ఒక అడుగు వేసి, అమ్మ కొంగు పట్టుకుంది. తర్వాత కొంగు వదిలేసింది.

అందరూ పిల్లను చూస్తుంటే, గుంపులోంచి ముత్యాలు వచ్చి నాగకేతు ముందు కూర్చుంది. అడక్కుండానే జోళ్ళు విప్పింది, ఉన్ని మేజోళ్ళు తీసింది, పంచె మేజోళ్ళు తీసింది. ఎడమ పాదం చూసింది, కుడి పాదం చూసింది. ఎక్కడా పొక్కు లేదు. అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి, ఆ పాదాలు పట్టుకుని ఏడ్చింది.

"ఇంక ఒక్కణ్ణే నడవను ముత్యాలూ. నాతో వస్తావా?" అన్నాడు నాగకేతు.

"కుట్టాల్సిన జోళ్ళు మూడు జతలు ఉన్నాయి. అవి అయ్యాక వస్తాను" అంది.

మంత్రులు ఏదో గొణిగారు. నా కూతురు ఎవరి పనితనం వల్ల నడుస్తోందో చెప్పండి అని రాజు అడిగితే ఊరుకున్నారు. అన్నలిద్దరూ, చిన్నవాడే రాజు కావాలని తామే ముందుకొచ్చి చెప్పారు. మూడు జతలూ పూర్తయిన మరునాడు పెళ్ళి జరిగింది. ఊరేగింపుకు ఏనుగు వద్దన్నారు, పల్లకీ వద్దన్నారు. వధూవరులు వానకు తడిసిన వీధుల్లో చెయ్యి చెయ్యి పట్టుకుని నడిచారు. తర్వాత వాళ్ళిద్దరూ నలభై ఏళ్ళు రేగడిపురాన్ని ఏలారు. ఏటా పల్లె పల్లెకూ కాలినడకన పోయి, గడప ముందు జోళ్ళు విడిచి, ఇంటింటి మంచీ చెడూ అడిగి తెలుసుకునేవాళ్ళు.

అదంతా తర్వాతి మాట. పెళ్ళిరోజున మాత్రం అందరికంటే ముందు అలివేణి పరుగెత్తింది. వాన జోరందుకుంది. రాణి పిలిచింది, రాజు పిలిచాడు, ముగ్గురు అన్నలూ పిలిచారు. కథ ఇక్కడ ఆగింది గాని, ఆ పిల్ల ఆగలేదు.