నేలమాళిగలో కూర్చున్న డాక్టరుగారు

దుప్పట్లు కప్పుకున్నారా? ఇవాళ ఊ కొట్టే వంతు ఎవరిది? సరే, వినండర్రా.

అనగనగనగా, సముద్రాలన్నీ దాటిపోతే అవతల అమెరికా ఉందా, ఆ అమెరికాలో ఓ రేవు ఊరు. ఇప్పటి అమెరికా కాదు, రెండొందల ఏళ్ళ కిందటిది. కారు లేదు, కరెంటు లేదు. చలి మాత్రం ఉంది. చెంబులో నీళ్ళు చెంబులోనే రాయయిపోయేంత చలి. ఆ ఊళ్ళో ఎఫ్రాయిమని ఒక డాక్టరుగారు. నాకీ కథ చెప్పింది మా తాతయ్య, మిషనాసుపత్రిలో కాంపౌండరు. ఆ పేరు పలికేసరికి ఆయన కట్టుడుపళ్ళు ఊడొచ్చేవి. మనం డాక్టరుగారు అనుకుందాం, సుఖం.

మంచివాడేగానీ, ఆ కాలం వైద్యం అలాంటిది. జ్వరమా, నెత్తురు తియ్యి. దగ్గా, నెత్తురు తియ్యి. నెత్తురు తక్కువైందా, అయినా సరే తియ్యి.

ఆ ఊళ్ళోనే తబితా అని ఒకావిడ. మొగుడు చేపల పడవెక్కి వెళ్ళి మరి రాలేదు. పాపం, మతి చెదిరిపోయింది. చెప్పుల్లేకుండా మంచులో రేవుకెళ్ళి మొగుణ్ణి కేకేసేది. ఊళ్ళో పిల్లలు జడుసుకుంటున్నారని ఏం చేద్దామని జడ్జిగారు డాక్టరుగార్ని అడిగితే, ఆయన ఈవిడకి పిచ్చి అని చీటీ రాసి సంతకం పెట్టాడు. ఆ చీటీ పట్టుకుని ఆవిణ్ణి బీదల సత్రం నేలమాళిగలో పడేసి కాలికి గొలుసేశారు. డాక్టరుగారు తన పనుల్లో పడి మర్చిపోయాడు. ఏడేళ్ళు గడిచాయి.

ఊ కొడుతున్నారా, నిద్రపోయారా? ఆఁ.

ఓ రోజు సత్రం కాపలాదారుకి పన్ను పీకడానికి వెళ్ళాడు డాక్టరుగారు. పన్ను పీకుతుంటే కింద ఘల్లుమంది. ఏమిటదని అడిగితే, తబితా అండీ, అన్నాడు వాడు. డాక్టరుగారికి పట్టుకారు చేతిలోంచి జారింది. గబగబా కిందికి దిగి చూస్తే, నిప్పు లేదు, దుప్పటి లేదు, ఇంత గడ్డి. ఆవిడ కాలివేళ్ళు రెండు నల్లగా అయిపోయాయి. ఇంత చలిలో నిప్పెందుకు పెట్టలేదని కోప్పడ్డాడు. పిచ్చివాళ్ళకి చలి తెలీదు కదండీ, అన్నాడు కాపలాదారు.

"ఎవడు చెప్పాడు నీకు?"

"చీటీలో మీరే రాశారండీ."

అప్పుడాయన మొహం చూడాలి. నిజమే, పుస్తకంలో చదివిందే రాశాడు. ఆవిణ్ణి ఒక్కసారైనా చేత్తో ముట్టుకుని చూళ్ళేదు.

కాపలాదారూ కాపలాదారూ, తాళం తియ్యవయ్యా అంటే, సత్రం పెత్తనం పాదిరిగారిది, ఆయన్నడగండన్నాడు. పాదిరిగారూ పాదిరిగారూ, తాళం తీయించండి అంటే, జడ్జిగార్ని అడగమన్నాడు. జడ్జిగారూ జడ్జిగారూ అంటే, తాళం నా దగ్గరెక్కడిది, కాపలాదారు దగ్గరుంటుంది, పొమ్మన్నాడు. డాక్టరుగారు మూడుసార్లు అలా తిరిగాడు. నాలుగోసారి తిరగలేదు. నేలమాళిగలోకి దిగి, కోటు విప్పి, బూట్లు విప్పి, ఆవిడ పక్కన గడ్డిలో కూర్చున్నాడు. తాళం తీసేదాకా పైకి రానన్నాడు.

డాక్టరుకీ పిచ్చెక్కిందంది ఊరు. ఆయనకి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తబితా ఆయన్ని చూసింది. తన కింది గడ్డిలో సగం ఆయన వైపు తోసింది. డాక్టరుగారు తలొంచుకుని ఏడ్చేశాడు.

మూడోరోజున జడ్జిగారి కాలి బొటనవేలు వాచింది. ఇంత గుత్తివంకాయంత! చుట్టుపక్కల ఎక్కడా ఇంకో వైద్యుడు లేడాయె. కబురు పంపితే, నేనిక్కడే ఉన్నా, ఇక్కడికే రమ్మనండి అన్నాడు డాక్టరుగారు. ఏం చేస్తాడు, కుర్చీలో మోయించుకుని దిగాడు జడ్జిగారు. మేజోళ్ళు తియ్యమన్నాడు డాక్టరు. తీశాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు, తీరిగ్గా, నిదానంగా. జడ్జిగారి కాళ్ళు కొయ్యబారిపోయాయి. దుప్పటి ఏదయ్యా అన్నాడు.

"దుప్పటి లేదు. ఈవిడకి ఏడు చలికాలాలుగా లేదు. పిచ్చివాళ్ళకి చలి తెలీదని తప్పు రాసింది నేనే, జడ్జిగారూ."

జడ్జిగారు ఆవిడ కాళ్ళు చూశాడు. తన కాళ్ళు చూసుకున్నాడు. తాళం తియ్యమన్నాడుగానీ ఓ షరతు పెట్టాడు. నెల రోజులు డాక్టరింట్లో ఉండాలి. ఏదైనా తేడా వస్తే ఆవిడ మళ్ళీ ఇక్కడికే, ఇక బయటికి రావడమన్నది లేదు.

డాక్టరుగారు ఈసారి నెత్తురు తియ్యలేదు. వేడి జావ పోశాడు, పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు. మొదటి వారం తబితా బల్ల కింద దూరి తింది. రెండోవారం చీపురు పట్టుకుంది. మూడోవారం నోరు విప్పి, నా మొగుడొచ్చాడా అని అడిగింది. రాలేదమ్మా, రాడు, అని ఉన్నమాట చెప్పాడు. రోజంతా ఏడ్చింది. అయిపోయింది, నా చేతులారా మళ్ళీ చెడగొట్టానని తలుపవతల ఆయన రాత్రంతా కూర్చున్నాడు. తెల్లారేసరికి లేచి రొట్టె కాలుస్తోంది.

నెల తిరగ్గానే జడ్జిగారూ పాదిరిగారూ పరీక్షకొచ్చారు. డాక్టరుగారు వాళ్ళని భోజనానికే కూర్చోబెట్టాడు! తబితా చారుగిన్నె తెస్తుంటే, వాళ్ళిద్దరూ గుడ్లప్పగించి చూస్తుంటే చెయ్యి జారి పింగాణీ గిన్నె భళ్ళున పగిలింది. డాక్టరుగారు కుర్చీలోంచి లేచాడు. ఆ చప్పుడుకి బెదిరి జడ్జిగారు తన చేతిలో కప్పూ వదిలేశాడు.

తబితా ఆ పెంకులు చూసింది, ఈ పెంకులు చూసింది.

"అయ్యగారూ, గొలుసు ఒకటే ఉంది. ముందు ఎవరికి వేద్దాం?"

ముందు పాదిరిగారికి నవ్వొచ్చింది. తర్వాత జడ్జిగారు పొట్ట పట్టుకున్నాడు. ఇంక ఆపితేగా!

ఆ వారమే గొలుసు కమ్మరి కొలిమికి పోయింది. నేలమాళిగలో గుమ్మడికాయలు పెట్టుకున్నారు. సత్రానికి కిటికీలొచ్చాయి, పొయ్యిలొచ్చాయి. తబితాకి రెండు వేళ్ళు పోయి నడక కాస్త పక్కకి ఒరిగింది. అయితేనేం, సత్రం వంటిల్లంతా ఆవిడదే. డాక్టరుగారు ముసలాడయ్యేదాకా గుర్రమెక్కి ఊరూరా తిరిగాడు. ప్రతి ఊళ్ళోనూ మొదటిమాట ఒకటే: నేను తప్పు రాశాను, మీరు రాయకండి.

అంత పెద్ద డాక్టరే తప్పు ఒప్పుకున్నాడు కదర్రా. మరి మామిడితాండ్ర డబ్బా ఖాళీ చేసిందెవరో రేపు పొద్దున్నే నాకు చెప్పేస్తారు. నేను కోప్పడనుగా.

కథ కంచి బండెక్కింది. మనం నిద్దరబండి ఎక్కుదాం, జరగండి.