రాళ్ళగుట్ట మీద దిష్టి మట్టి

దగ్గరికి జరుగు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొట్టాలి సుమా! కొట్టకపోతే నిద్రపోయావేమోనని నాకు అనుమానం. ఈ కథంతా అనుమానాల కథే.

అనగనగా చలికి పళ్ళు టకటకమనే కొండ మీద, ఒక ఊళ్ళో, ఎర్నమ్మ, అప్పలకొండ అని ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు ఉండేవాళ్ళు. చుట్టరికం లేకపోయినా వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. రెండిళ్ళకీ కలిపి ఒకటే తిరగలి. అది ఎర్నమ్మ అరుగు మీద ఉండేది. పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టుకుని చోళ్ళు, అదే రాగులు, విసిరేవాళ్ళు. ఒక్కరే విసిరితే రెక్కలు పడిపోతాయి. ఇద్దరు విసిరితే పాట పుడుతుంది.

రెండిళ్ళ మధ్యా గోడ లేదు. పొలాల్లోంచి ఏరి పోసిన రాళ్ళగుట్ట ఒకటి ఉండేది. అది ఎవరిదీ కాదు.

ఒకసారి ఎర్నమ్మ అన్న మంచుకొండల్లో రోడ్డు పనికి వెళ్ళి వచ్చాడు. చెల్లెలికి గుడ్డమూటలో చిటికెడు గింజలు తెచ్చాడు. దుమ్ములా ఉన్నాయవి.

"మనం కూరలో వేసే గసగసాలకి ఇది చుట్టం. మంచులో పుట్టి మంచులో పూస్తుంది. రాళ్ళలో చల్లు, చాలు. నేనింక అటు పోను, ఇవే ఆఖరు," అన్నాడు.

అన్న వెళ్ళాక ఎర్నమ్మకి మొదటి అనుమానం వచ్చింది. రాళ్ళలో ఎవరైనా విత్తుతారా? చిన్నప్పుడు ఉప్పు నాటితే ఉప్పుచెట్టు మొలుస్తుందని తనని నమ్మించిన అన్నే కదా!

అందుకని గింజల్ని మూడు వాటాలు చేసింది. పెరట్లో మెత్తటి మడి కట్టింది, మాగిన పెంట వేసింది, మొదటి వాటా చల్లింది. పూటపూటా నీళ్ళు పోసింది. నీళ్ళు చాలవేమోనని కుడితి కూడా పోసింది.

అప్పుడు అప్పలకొండ వచ్చి చూసింది. "ఏటొదినా, మడి ఇంత ముద్దుగా ఉంది! ఏటేసినావు?" అంది.

ఒక్క మొలకా రాలేదు. ఎర్నమ్మ గుండెలో ముల్లు దిగింది. 'ముద్దుగా ఉందంది. దిష్టి కొట్టేసింది.'

మడికి దిష్టి తగిలితే ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. ఆ మట్టి దోసిట్లోకి తీసి, మడి చుట్టూ మూడుసార్లు తిప్పి, ఎవరూ తొక్కని చోట విసిరెయ్యాలి. ఎర్నమ్మ అలాగే తిప్పి, రాళ్ళగుట్ట మీదికి విసిరేసింది.

ఆ తర్వాత రెండో వాటా చల్లింది. ఈసారి పైన పందిరి వేసింది. మొలకలు వెంట్రుకల్లా వచ్చాయి. వానొచ్చింది, కుళ్ళిపోయాయి. కానీ ఎర్నమ్మ వానని చూడలేదు. పందిరి పక్కన అప్పలకొండ కోడిని చూసింది. 'కోడిని ఉసిగొల్పింది!' ఆ మట్టీ గుట్ట మీదికే వెళ్ళింది.

ఆ తర్వాత మూడో వాటా. చుట్టూ తడిక కట్టి, అరుగు మీద కాపలా కూర్చుంది. అప్పలకొండ చోళ్ళ చేట పట్టుకుని రావడం చూసి, తిరగలి పిడి చటుక్కున పీకి కొంగులో దాచేసింది.

"పిడి ఇరిగిపోనాదొదినా," అంది.

అప్పలకొండ ఆమె కొంగు వైపు చూసింది. పిడి పొడుచుకొచ్చి కనిపిస్తూనే ఉంది. చేట పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

మూడో వాటా కూడా మొలవలేదు. ఎర్నమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఆఖరి మట్టి కూడా తిప్పి విసిరేసింది.

ఏం, ఊఁ ఆగిందేం? ఆఁ, అలా కొట్టు.

ఇప్పుడు అప్పలకొండ వైపు చూద్దాం. ఆమె కిటికీలోంచి మూడుసార్లూ చూసింది. ఏదో గొణగడం, మట్టి తిప్పడం, తన ఇంటివైపు విసరడం! 'ఓలమ్మో, మంత్రించిన మట్టి!' అనుకుంది. అప్పుడేం చేసింది? గుట్ట చుట్టూ ముళ్ళకంప వేసింది. మేకల్ని అటు పోనివ్వలేదు. పిల్లల్ని పోనివ్వలేదు. కోడిని కాలికి తాడేసి కట్టేసింది.

ఆ తర్వాత చలికాలం వచ్చింది. రాళ్ళ మీద మంచు ఉప్పులా పేరుకుంది. ఎర్నమ్మ ఒక్కతే తిరగలి తిప్పి భుజానికి కాపడం పెట్టుకుంది. అప్పలకొండ చోళ్ళు రోట్లో దంచి పలుకుల అంబలి తాగింది. ఆ వాకిట్లో పాట లేదు.

చలి వెళ్ళింది. ఒక పొద్దున ఎర్నమ్మ తలుపు తీసింది. గుట్ట మీద రాళ్ళ సందుల్లోంచి పువ్వులు! ఉల్లిపొర లాంటి రేకులు, నూలుపోగు లాంటి కాడలు. కొన్ని పసుపు, కొన్ని తెలుపు, కొన్ని నారింజ. గాలికి వంగుతున్నాయి, లేస్తున్నాయి.

ఆమె సంతోషించిందనుకున్నావా? కొంగు దోపుకుని అప్పలకొండ గుమ్మంలోకి దూకింది.

"నా గింజలు దొంగిలించి గుట్ట మీద ఏసుకున్నావా?"

"నానా? నువ్వు మంత్రించిన మట్టి ఇసిరిన కాడి నుంచి ఆ గుట్ట మీద కాలెట్టలేదే నాను!"

"మంత్రమా? అది నీ దిష్టి తీసిన మట్టే!"

ఇద్దరూ గుట్ట వైపు చూశారు. ఒకళ్ళ అనుమానం విత్తింది. ఇంకొకళ్ళ అనుమానం కంచె కట్టి కాపలా కాసింది. మంచం లాంటి మడిలో కుళ్ళిపోవాల్సిన గింజ, రాళ్ళలో నీళ్ళు జారిపోతే, చలి తింటూ బతికింది.

అప్పుడు ఎర్నమ్మ చెయ్యి ఊరుకోక, ఒక మొక్కని వేరుతో లాగి పెరట్లోకి తెచ్చుకుందామని ముళ్ళకంప జరిపి గుట్ట మీదికి వంగింది. అప్పలకొండ గబుక్కున మణికట్టు పట్టుకుంది.

"మళ్ళీ కుడితి పోసి సంపుతావేటి? ఒదిలీ!"

అప్పుడు ఎర్నమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇంట్లోకి వెళ్ళి పిడి తెచ్చి తిరగలిలో దిగ్గొట్టింది. "పిడి అతికిందొదినా, చోళ్ళు తే," అంది.

ఆ తర్వాత ఏటేటా గింజలు రాలే వేళకి ఇద్దరూ వాటిని ఇసకలో కలుపుతారు. ఒకరి తల చుట్టూ ఒకరు మూడుసార్లు తిప్పుతారు. గుట్ట మీదికి విసురుతారు. ఆ పువ్వుల్ని అలాగే పెంచాలి మరి.

అనుమానం పోయిందా అంటావా? పొద్దున్నే తిరగలి దగ్గర కూర్చుని ఇద్దరూ ఓరకంట గుట్ట వైపు చూస్తారట. "నీ వైపే ఎక్కువ పూసినాయేటొదినా?" అని ఒకరంటే, "నీ దిష్టే తగిలిందేమో!" అని ఇంకొకరు. ఆ తర్వాత పాట.

గుట్టకి పోయె మట్టి, మట్టికి వచ్చె పువ్వు,
పువ్వుకి వచ్చె తగువు, తగువుకి వచ్చె నవ్వు.
పిడి చేరె తిరగలికి, పిండి చేరె కుండకి,
కథ చేరె కంచికి, మన కళ్ళు చేరె నిద్రకి.