గొట్టంలో గాలి

కాకినాడలో పేర్రాజు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు నోటితో రాదని ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ తెలుసు. పాలిటెక్నిక్‌లో ఉన్నంతకాలం చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిందో ఏమో, రిటైరై ఓ సందులో కంప్యూటర్లు బిగించే చిన్న వర్క్‌షాపు తెరిచాక ఆయనకో అలవాటు పట్టుకుంది. ఎవరేమడిగినా స్క్రూడ్రైవర్ చేతికిచ్చి ఎదురుగా ఉన్న పని చూపించేవారు. అడిగినవాడికి జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే కనీసం ఆ పనైనా అయినట్టు. ఇది గురువుల తీరా, ముసలాయన గడుసుతనమా అని శిష్యుల్లో వాదన ఉండేది గాని, ఆయన ఎదురుగా మాత్రం కాదు.

ఆ శిష్యుల్లో నూకరాజు అందరికంటే నెమ్మదస్తుడు. పిఠాపురం అవతల పల్లెటూరి వాడు. ఇరుకు పెట్టెలో సామాను సర్దడంలో అతని చేతికి తిరుగులేదు. మామూలు కంప్యూటర్ డబ్బాలో సగం చోటు ఖాళీగానే ఉంటుంది, దాన్ని ఎవరైనా బిగిస్తారు. మాస్టారు చేయించేవి చెప్పుల డబ్బాకంటే కాస్త పెద్దవి, అంతే. అందులోనే అన్నీ పట్టాలి, ఒకదాని వేడి ఇంకొకదానికి తగలకూడదు, చివర్లో మూత పడాలి. అలాంటి పెట్టె మూత నొక్కకుండా పడిందంటే ఆ రోజు నూకరాజు మొహం చూసి తీరాలి. పీటల మీద పెళ్ళికొడుకు కూడా అంత వెలిగిపోడు.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే వచ్చి పనిబల్ల ముందు ఊరికే కూర్చున్నాడు. చేతిలో పని ఉంది, చెయ్యి ఆడటం లేదు. మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చివరికి అతనే నోరు విప్పాడు.

"మాస్టారూ, మనసులోంచి కోపం పూర్తిగా పోవాలంటే ఏం చెయ్యాలండి?"

"ఎవరి మీద?" అన్నారు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"మా అన్నయ్య మీదండి."

సంగతి మాస్టారికి కొంత తెలిసిందే. కిందటేడు ఎండాకాలంలో నూకరాజు తల్లి నాగరత్నమ్మ పోయింది. ఆ రోజు అతను విడిభాగాలు కొనడానికి హైదరాబాదు వెళ్ళి ఉన్నాడు. కబురు అందగానే రైలెక్కాడు గాని, ఆ రైలు దారిలో ఎక్కడో మధ్యాహ్నమంతా ఆగిపోయింది. ఇక్కడ ఊళ్ళో పెద్దలు పొద్దు గుంకకముందే కానిచ్చెయ్యాలన్నారు. అన్న సూరిబాబు ఆఖరి దాకా దారి చూసి చూసి, ఇక లాభం లేదని తలకొరివి పెట్టేశాడు. నూకరాజు చేరేసరికి శ్మశానంలో పొగ తప్ప ఏమీ మిగల్లేదు. తల్లి మొహం చూసుకోలేదు, పాడె మొయ్యలేదు, నోట్లో నాలుగు బియ్యపు గింజలైనా వెయ్యలేదు. టౌన్ నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించి ఉంటే ఒక్క రాత్రి ఆపలేకపోయేవాడివా అని అందరి ముందూ అన్నని నిలదీశాడు. "ఆ గాభరాలో నాకు తోచలేదురా" అన్నాడు సూరిబాబు. ఆ మాట నిజమేనని నూకరాజుకి తెలుసు. తెలిసి కూడా ఆనాటి నుంచి అన్న గడప తొక్కలేదు.

ఇప్పుడు ఏడాది తిరిగింది. సంవత్సరీకం ఎల్లుండే. క్రితం రోజు వదిన ఫోన్ చేసి, "మీ అన్నయ్య నోరు తెరిచి అడగడు బాబూ, నీకు తెలుసుగా. నువ్వు రాకపోతే ఒంటరిగా కూర్చుని ఏం చెయ్యగలడు? మీ అమ్మ మీ ఇద్దర్నీ కన్నది కదా" అంది.

"వెళ్ళాలనే ఉందండి" అన్నాడు నూకరాజు. "కానీ కడుపులో ఇంత కోపం పెట్టుకుని అమ్మ పేరు మీద పీట మీద కూర్చుంటే పాపం కాదాండి? పోగొట్టుకుందామనే చూస్తన్నాను. పోయిందిలే అనుకున్నాను కూడా. నిన్న వదిన మాట్లాడతంటే వెనకాల అన్నయ్య దగ్గు వినబడిందండి, అంతే, మళ్ళీ పొంగుకొచ్చేసింది. మొత్తం పోతేనే వెళ్దామని ఉంది. పోకపోతే ఇక్కడే ఉండిపోతాను."

మాస్టారు విన్నారు. జాలిపడ్డారు కూడా, మొహంలో కనబడింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? బల్ల చివరనున్న పెట్టెని అతని ముందుకి జరిపారు.

"ముందిది చూడు. రేపు జగదాంబ గారికి ఇచ్చెయ్యాలి."

నూకరాజుకి ఉసూరుమంది. అమ్మ సంగతి చెప్తుంటే పెట్టె సంగతేమిటని లోలోపల నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే మూత విప్పాడు.

జగదాంబ గారు సంగీతం టీచరు. తన చిన్న గదిలోనే పాఠాలు పాడి రికార్డు చేస్తారు. కంప్యూటర్ హార్మోనియం పక్కన పట్టాలి, కిక్కురుమనకూడదు అన్నది ఆవిడ షరతు. ఫ్యాను గట్టిగా తిరిగిందంటే ఆ హోరు పాటలోకి వచ్చేస్తుంది. అందుకని నూకరాజు దానికి నీళ్ళతో చల్లబరిచే ఏర్పాటు చేశాడు. వేడెక్కే చిప్పు మీద అరచేతిలో ఇమిడే పంపు ఒకటి కూర్చుంటుంది. అక్కడి వేడిని నీళ్ళు మోసుకుని గొట్టంలోంచి రేడియేటర్‌కి వెళ్ళి, చల్లారి, ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తాయి. కారు ముందు భాగంలో ఉంటుందే, అలాంటి రేడియేటరే, కాకపోతే ఓ పుస్తకమంత. ఆ పుస్తకమంత దానికి ఆ పెట్టెలో చోటు దొరకడం గగనమైపోయింది. పై భాగమంతా పవర్ సప్లై ఆక్రమించింది, పక్కన గ్రాఫిక్స్ కార్డు. చివరికి దాన్ని అట్టడుగున పరిచి, గొట్టాలు ఎక్కడా నొక్కుకుపోకుండా వంచి, ఎలాగో ఇరికించాడు. అంత ఒద్దికగా సర్దిన పెట్టె ఆ వర్క్‌షాపులో అంతకుముందు తయారు కాలేదు. ముందువైపు రేకు మీద అన్ని పెట్టెలకీ చెక్కించినట్టే దీనికీ 'పేర్రాజు' అని చెక్కించారు.

అంతా బాగానే ఉంది గాని స్విచ్ వెయ్యగానే లోపల గుళగుళమంటోంది. కాసేపయ్యాక పంపు గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టు ఆగి ఆగి తిరుగుతోంది, వేడి పెరిగిపోతోంది. నీళ్ళలో గాలి చిక్కుకుపోయిందని నూకరాజు వెంటనే గ్రహించాడు. అదొక పెద్ద జబ్బు కాదు, తీసేస్తే సరిపోతుంది అనుకున్నాడు.

తియ్యడం మొదలుపెట్టాడు. నీళ్ళు పోసే బిరడా విప్పి మళ్ళీ నింపాడు. పెట్టెని అటు ఒరగబెట్టాడు, ఇటు ఒరగబెట్టాడు. పాలు తాగిన పసివాణ్ణి భుజాన వేసుకుని త్రేన్పు కోసం వీపు తట్టినట్టు మెల్లగా తట్టాడు. ఒక్కొక్క బుడగే పైకి వచ్చి పగిలిపోయింది. బిరడా బిగించి, పెట్టెని యథాప్రకారం నిలబెట్టి, స్విచ్ వేసి చెవి ఆనించాడు. చప్పుడు లేదు.

"పోయిందండి" అన్నాడు.

మాస్టారు తలూపి, కంప్యూటర్‌కి ఓ బరువైన పని అప్పజెప్పి టీ తాగడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి పెట్టె బాగా వేడెక్కి ఉంది. లోపల మళ్ళీ గుళగుళ.

"చల్లగా ఉన్నప్పుడు నీళ్ళల్లో కలిసిపోయి కనబడదయ్యా" అన్నారాయన. "వేడెక్కితే బయటపడుతుంది. ఇప్పుడేం చేస్తావు?"

"మళ్ళీ తీస్తానండి. పిసరంత కూడా మిగలకుండా తీస్తాను."

"తియ్యి."

నూకరాజు పంతం పట్టాడు. ఆ పూట భోజనానికి కూడా లేవలేదు. నింపడం, వంపడం, తట్టడం, స్విచ్ వెయ్యడం, వేడెక్కేదాకా చూడటం, మళ్ళీ మొదటికి రావడం. మొదట్లో నిమిరినట్టున్న చెయ్యి రానురాను దెబ్బలా పడసాగింది. తోటి పనివాళ్ళు మాట్లాడుకోవడం మానేసి అతని వంక చూస్తున్నారు. ఓసారి చాలాసేపు చప్పుడే లేదు. అమ్మయ్య అని కుర్చీకి జారగిలబడ్డాడో లేదో, పెట్టె మళ్ళీ గుటక వేసింది.

"ఎంత తీసినా ఉంటదేంటండి ఇది!" అని అరిచేశాడు. ఆ అరుపుకి అతనికే సిగ్గేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు పెట్టె కోసం కాదని అక్కడున్నవాళ్ళందరికీ అర్థమైంది.

మాస్టారు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. "ముందు అన్నం తిను" అన్నారు. తన క్యారేజీలోంచే పెరుగన్నం తీసి పెట్టి, అతను తినేదాకా ఎదురుగా కూర్చున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చాక అడిగారు.

"ఆ గాలి ఎక్కడ చేరుతోందిరా?"

"పంపులోనండి."

"అక్కడికే ఎందుకు పోతోంది?"

"గాలి పైకే పోద్ది కదండి. రేడియేటర్ అడుగున ఉంది. గొట్టాలు మధ్యలో ఉన్నాయి. నీళ్ళు తిరిగే దారిలో అన్నిటికంటే ఎత్తున ఉన్నది ఆ పంపే." చెప్తూ చెప్తూ నూకరాజు ఆగాడు. "రేడియేటర్ పైకి మారిస్తే పోయి దాంట్లో ఓ మూల కూర్చుంటది. కానీ పైన చోటు లేదండి. ఉంటే నేను అడుగున ఎందుకు పెడతాను?"

మాస్టారు పెట్టెని పక్కకి పడుకోబెట్టారు. అడుగునున్న రబ్బరు కాళ్ళు ఒక్కొక్కటే విప్పి నూకరాజు చేతిలో పోశారు. తర్వాత పెట్టె పైకప్పు మీద వేలితో చూపించారు, వీటిని ఇక్కడ బిగించమని.

అతనికి అప్పుడు బోధపడింది. పెట్టె మొత్తం తలకిందులుగా నిలబడితే లోపల ఒక్క మర కూడా విప్పకుండానే రేడియేటర్ పైకి వచ్చేస్తుంది. కానీ చెయ్యి ముందుకి సాగలేదు.

"మాస్టారూ, మీ పేరు తలకిందులైపోద్దండి."

"అవనీ. నేనేం కింద పడిపోను కదా."

కాళ్ళు బిగించారు, తిప్పి నిలబెట్టారు, స్విచ్ వేశారు. ఒక్కసారి పెద్దగా గుడగుడమంది. బుడగ గొట్టంలోంచి పైకి పాకుతూ పోవడం కనబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. బరువైన పని అప్పజెప్పారు, పెట్టె వేడెక్కింది, అయినా వినబడలేదు. నూకరాజు చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"గాలి పోయిందాండి?"

"ఎక్కడికి పోతుంది? బిరడా బిగించే ఉందిగా. పైన ఓ మూల కూర్చుని ఉంది."

"ఉన్నా ఫర్వాలేదాండి?"

మాస్టారు స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశారు. "జగదాంబ గారికి కబురు చెయ్యి, రేపు వచ్చి తీసుకెళ్తారు" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఎల్లుండి నువ్వు పనిలోకి రానక్కర్లేదు" అన్నారు.

సంవత్సరీకం నాడు నూకరాజు మొదటి బస్సుకే ఊళ్ళో దిగాడు. సూరిబాబు వీధి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఏడాదిలో మనిషి సగమైపోయాడు. "వచ్చావా" అన్నాడు. "వచ్చాను" అన్నాడు నూకరాజు. ఇద్దరూ లోపలికి వెళ్ళి పీటల మీద పక్కపక్కన కూర్చున్నారు. అన్నగారి భుజం పట్టుకోమని పంతులుగారు చెబితే పట్టుకున్నాడు. పట్టుకోగానే ఆనాటి శ్మశానం, ఆ పొగ కళ్ళ ముందుకొచ్చాయి. కోపం ఎప్పటిలాగే లేచింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

నువ్వులూ నీళ్ళూ వదిలే వేళకి సూరిబాబు ఆగిపోయాడు. పంతులుగారు మంత్రం మళ్ళీ అందిస్తున్నా పలక్కుండా, చేతిలో ఉన్న చెంబు తమ్ముడికి ఇచ్చాడు.

"ఆ రోజు నీ చేతిమీదుగా జరగాల్సింది కూడా నేనే కానిచ్చేశాను. ముందు నువ్వు వదల్రా, తరవాత నేను వదులుతాను" అన్నాడు.

నూకరాజు వదిలాడు. బొటనవేలి పక్కనుంచి నీళ్ళు జారుతుంటే బావురుమన్నాడు. తల్లి పోయాక అతను కరువుతీరా ఏడ్చింది అదే మొదలు. అప్పుడు కూడా అన్న మీద కోపం లేకపోలేదు. అన్న మీద ప్రేమా ఉంది, ఆ రోజు తను లేకుండా పోయానన్న బాధా ఉంది, అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. వదిన వడ్డించిన విస్తరి ముందు ఇద్దరూ కూర్చుని, అమ్మ చేసే గోంగూర గురించి రెండు ముక్కలు మాట్లాడుకున్నారు.

మర్నాడు వర్క్‌షాపుకి వచ్చి మాస్టారి ఎదుట నిలబడ్డాడు.

"వెళ్ళొచ్చానండి."

"ఊఁ."

"కోపం పోలేదండి మాస్టారూ. అన్నయ్య భుజం పట్టుకున్నప్పుడూ ఉంది, నీళ్ళు వదిలినప్పుడూ ఉంది. ఇప్పుడూ ఉంది." పరీక్ష తప్పినవాడిలా తల దించుకున్నాడు.

మాస్టారు చేస్తున్న పని ఆపి అతని మొహంలోకి చూశారు.

"ఉంటే ఉంది" అన్నారు. "మీ అమ్మకి నీళ్ళు అందాయా లేదా?"