ఏమండీ అని పిలిచే మంచు

అనగనగా, సముద్రం అలిగి వెనక్కి జరిగిపోయిన చోట ఒక కొత్త పేట ఉండేది. రాజుగారు నలుదిక్కుల నుంచి జనాన్ని రప్పించి, ఇళ్ళు కట్టించి, "ఇక కలిసి బతకండి" అన్నారు. ఇళ్ళయితే పక్కపక్కనే లేచాయి. మనుషులకు మాత్రం ఒకరికొకరు ఎవరో తెలియదు. ఎవరు ఎవరిని పిలవాలన్నా ఒకటే మాట: "ఏమండీ!"

ఆ పేటకు పెద్ద గవరయ్య. మంచివాడే, కాకపోతే ఏం చేసినా అట్టహాసంగా ఉండాలి, చూసినవాళ్ళు ఆహా అనాలి.

చలికాలం వచ్చింది. పొద్దువాలే వేళ చిత్తడి నేల మీంచి మంచు పాకుతూ వచ్చేది. అందులోంచి ఒక గొంతు పిలిచేది. ఆడగొంతో మగగొంతో చెప్పలేం.

"ఏమండీ... ఒక్కసారి ఇలా వస్తారా?"

పక్కింటివాళ్ళే కాబోలనుకుని ఎవరో ఒకరు వెళ్ళేవారు. వెళ్ళినవారు తిరిగి వచ్చేవారు కాదు. తెల్లారి చూస్తే బురదలో చెప్పులు మాత్రం ఉండేవి.

గవరయ్య ఆ చెప్పుల జతలు లెక్కపెట్టుకున్నాడు. ఇలాగే సాగితే పేటలో దీపం పెట్టే దిక్కుండదు. "జనాన్ని కలపాలి" అనుకుని తోలుబొమ్మలాట పెట్టించాడు. పేటంతా కదిలి వచ్చింది. అందరి కళ్ళూ తెర మీదే. మంచు మెల్లగా చాపల మధ్య దూరింది. ఆట ముగిసేసరికి ఒక చాప ఖాళీగా ఉంది. తడిమి చూస్తే ఇంకా వెచ్చగానే ఉంది.

"ఇక్కడ కూర్చున్నదెవరు?" అన్నాడు గవరయ్య.

పక్క చాప మీది మనిషి తల గోక్కున్నాడు. "ఎవరోనండీ. నేను బొమ్మల్ని చూస్తున్నాను."

రెండోసారి పెద్ద సంతర్పణ చేశాడు. బారులు తీర్చి విస్తళ్ళు వేయించాడు. జనం వంచిన తల ఎత్తకుండా తిన్నారు, చేతులు కడుక్కుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఒక విస్తట్లో మాత్రం కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది. అది ఎవరిదో వడ్డించినవాళ్ళకూ తెలియదు, పక్కన తిన్నవాళ్ళకూ తెలియదు. ఆ ముద్దను చూసి గవరయ్యకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి కూలబడితే భార్య పేరిందేవి మంచినీళ్ళిచ్చింది.

"ఏమండీ, అంతమందిని పోగేశారు సరే, మాట్లాడుకోనిచ్చారా? కొత్త చింతపండు వచ్చింది. గింజ తీయడానికి ఇరుగుపొరుగును నలుగురిని పిలుస్తాను. మీరూ కూర్చోండి."

"ప్రాణాల మీదికొస్తే చింతపండేమిటే!"

"చేతులకు పనుంటే నోళ్ళు ఊరుకోవు. మీరే చూడండి."

మర్నాడు పగలు అరుగు మీద చింతపండు రాశి పోశారు. గింజలు టపటపా రాలుతున్నాయి. అంతలో ఎవరో ఎదురింటి బంగారయ్యను, "మీ అమ్మగారిది ఏ ఊరండీ?" అని అడిగారు. అతను చెప్పాడు. పేరిందేవి చేతిలో పండు జారిపోయింది.

"అది మా అమ్మమ్మగారి ఊరయ్యా! అయితే నువ్వు నాకు తమ్ముడివి!"

"అయితే పేట పెద్దగారు నాకు బావ!" అన్నాడు బంగారయ్య. అందరూ నవ్వారు. దండాలకు అలవాటుపడ్డ గవరయ్యకు ఆ పిలుపు చాలా తియ్యగా అనిపించింది.

ఇక ఆటలూ సంతర్పణలూ కట్టిపెట్టి, గవరయ్య ప్రతి వీధిలోనూ ఇదే పద్ధతి పెట్టాడు. వారానికొక ఇంట, నలుగురైదుగురు, చేతికొక పని. చింతపండు అయ్యాక వడియాలు, వడియాలయ్యాక అప్పడాలు. చుట్టరికం దొరకనివాళ్ళు వయసు చూసి వరస కలుపుకున్నారు. పిన్ని, వదిన, మావయ్య అని పిలుపులు మొదలయ్యాయి.

ఒక సాయంత్రం గవరయ్య ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. వీధి గుమ్మంలోకి మంచు వచ్చింది.

"ఏమండీ!"

రోజూ భార్య పిలిచే పిలుపే. "వస్తున్నానే" అంటూ గడప దాటాడు.

"ఏమండీ, ఇటు... ఇంకొంచెం ఇటు."

కాళ్ళ కింద నేల మెత్తబడింది. చెప్పులు బురదలో దిగబడి ఊడిపోయాయి.

"బావా! ఆగు! అక్కయ్య మా ఇంట్లో అప్పడాలు వత్తుతోంది!" ఎదురింటి గుమ్మంలోంచి బంగారయ్య కేక పెట్టాడు. ఆ కేకకు వీధి వీధంతా లేచింది. "అన్నయ్యా!" "మావయ్యా!" "తాతా, ఇటు రా!"

గవరయ్యకు ఏమీ కనిపించలేదు. ఎవరి గొంతు ఎవరిదో మాత్రం తెలిసింది. ఆ గొంతులు పట్టుకుని ఉత్త కాళ్ళతో వెనక్కి నడిచాడు. బంగారయ్య ఇంటి గుమ్మంలో పేరిందేవి చెయ్యి దొరకగానే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మంచు వీధి చివర ఆగింది. ఈసారి పిలవలేదు, అడిగింది.

"ఏమండీ... నేను మీకు ఏమవుతాను?"

ఒక్కొక్క తలుపూ మూసుకుంది. అది ఇల్లిల్లూ తిరిగి అదే మాట అడుగుతూ చిత్తడిలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పేటలో మనిషి తగ్గలేదు. పేరిందేవి కూడా మొగుణ్ణి మళ్ళీ "ఏమండీ" అనలేదు, "మావా" అంది. మొదటిసారి విన్నప్పుడు గవరయ్య చెవులు ఎర్రబడ్డాయట. చలికాలం సాయంత్రాలు చిత్తడి అంచున ఆ గొంతు ఇప్పటికీ అడుగుతూనే ఉందంటారు.

అందుకే పిల్లలూ, జనాన్ని ఒకచోట పోగేస్తే జాతరవుతుంది. పక్కవాణ్ణి వరస పెట్టి పిలిచేదాకా నలుగురూ మళ్ళీ మళ్ళీ కలిసి కూర్చుంటేనే ఊరవుతుంది.